బస్తాకి ఎన్ని బ్లాకులు

సత్యారావు తన కొత్త యార్డు ప్రారంభానికి వీరన్నని స్వయంగా వచ్చి పిలిచాడు. లడ్డూల డబ్బా చేతిలో పెట్టి, "మీరు రాకపోతే ఎలా అన్నా, ఈ లైన్లో మన బాంబూఫ్లాట్‌లో మీరే సీనియర్" అన్నాడు. కాదనడానికి కారణం కనబడక వీరన్న వెళ్ళాడు. కొబ్బరికాయ కొట్టడం చూశాడు. ఒక్క దెబ్బకి పది సిమెంటు బ్లాకులు దించే మిషను చూశాడు. బయటికొస్తూ గేటు పక్కన నిలబెట్టిన బోర్డు చూశాడు. ఆరంగుళాల బ్లాకు నలభై నాలుగు రూపాయలు.

తన యార్డులో అదే బ్లాకు యాభై రెండు. అందులో నలభై ఆరు ఖర్చులకే పోతుంది. నలభై నాలుగుకి అమ్మేవాడు అమ్మిన ప్రతి బ్లాకు మీదా రెండు రూపాయలు చేతినుంచి పెట్టుకోవాలి. కుర్రాడికి లెక్క తెలియదేమో, నెల తిరక్కుండా తెలుసుకుంటాడులే అనుకుంటూ ఇంటికొచ్చి, డబ్బా భార్య పుష్పావతి చేతికిచ్చి, కాళ్ళు కడుక్కున్నాడు.

వీరన్న బాంబూఫ్లాట్‌లోనే పుట్టాడు. తండ్రి సోంపేట దగ్గరి పల్లెనుంచి ఓడెక్కి ఈ ద్వీపాలకి వచ్చి, చాతం రంపపు మిల్లులో ముప్పై ఏళ్ళు దుంగలు దొర్లించి, అక్కడే నడుం పోగొట్టుకున్నాడు. వీరన్న ఆ పనికి పోలేదు. మేస్త్రీల దగ్గర చెయ్యందిస్తూ తిరిగాడు. రెండు వేల నాలుగులో పెద్ద భూకంపం వచ్చి, వెనకాలే సముద్రం వచ్చి పోయాక, ద్వీపాల్లో అందరూ ఒక్కసారే ఇళ్ళు కట్టుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు పెట్టాడు ఈ యార్డు. ఒక ముసలి ఓవర్సీరు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు: బస్తా సిమెంటుకి ఇరవై ఎనిమిది బ్లాకులు, ఒక్కటి కూడా ఎక్కువ తియ్యకు, పద్నాలుగు రోజులు తడుపు, ఒక్క రోజు కూడా తగ్గించకు. ఇసక దొరకని చోట, రాతిపొడీ కంకరా కొండనుంచీ సిమెంటు ఓడమీదా రావలసిన చోట, ఆ మాట తప్పకుండా ఇరవై ఏళ్ళు నడవడం తేలికేం కాదు. వీరన్న నడిచాడు. దాన్ని గొప్పగా ఎప్పుడూ చెప్పుకోలేదు. వేరేగా చెయ్యడం రాదు, అంతే.

నెల తిరిగింది. సత్యారావు బోర్డు మారలేదు. వీరన్న గేటు ముందు ఆగే బండ్లు మాత్రం తగ్గాయి.

అప్పయ్య మేస్త్రీ ఒకరోజు తనే వచ్చి చెప్పాడు. పదిహేనేళ్ళుగా వీరన్న బ్లాకులతోనే గోడలు లేపిన మనిషి. గేటు లోపలికి రాకుండా స్కూటీ మీదే కూర్చుని, "అన్నా, నన్నేటి సెయ్యమంటావు? పార్టీ రేటు అడుగుతాది. వెయ్యి బ్లాకులంటే ఎనిమిది వేలు తేడా. మా వీరన్న బ్లాకు గట్టిదంటే, అదీ గట్టిగానే ఉంది గదా అంటన్నారు" అన్నాడు.

"నీ తప్పేటుంది అప్పయ్యా. ఎల్లు" అన్నాడు వీరన్న.

వీరన్న యాభై రెండుని నలభై ఎనిమిది చేశాడు. వారం పాటు అమ్మకం కాస్త కదిలింది. అవతల బోర్డు మీద నలభై నాలుగు చెరిపి నలభై రెండు రాశారు. వీరన్న నలభై అయిదుకి దిగాడు. అంటే అసలుకే ఎసరు. అవతల నలభై ఒకటి అయింది. ఒక బ్లాకు పగిలితే పోనీలే అనుకునే వీరన్న, ఇప్పుడు పగిలిన ముక్కలు ఏరి పక్కన పెట్టిస్తున్నాడు. రోజూ పొద్దున్నే లేచి, అమ్మితే నష్టం, అమ్మకపోతే ఇంకా నష్టం అనే పనికి బయల్దేరడానికి చొక్కా తొడుక్కుంటుంటే, ఆ గుండీలు పెట్టుకోవడమే పెద్ద పనిలా ఉండేది.

"ఎల్లి మాటాడు" అంది పుష్పావతి. "కొట్టుకోడానికి కాదు. మనిషేగదా, మన భాషోడే గదా. ఇద్దరూ ఒక రేటు అనుకోండి. నోరు తెరిస్తే పోయేదేటి?"

వీరన్నకి ఇష్టం లేకపోయినా వెళ్ళాడు. సత్యారావు కుర్చీలోంచి లేచి నిలబడి కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. గదినిండా టైల్స్ నమూనాలు, కుళాయిలు, నీళ్ళ ట్యాంకుల బొమ్మలు.

"నలభై తొమ్మిది పెట్టు బాబూ" అన్నాడు వీరన్న, టీ ముట్టుకోకుండా. "నానూ అదే పెడతాను. నువ్వూ బతుకుతావు, నానూ బతుకుతాను."

సత్యారావు తన టీ గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, మీకు అబద్ధం చెప్పను. బ్లాకు మీద నేను బతకట్లేదు. బ్లాకు కోసం వచ్చినవాడు సిమెంటు ఇక్కడే తీసుకుంటాడు, రాడ్డు తీసుకుంటాడు, పైపులు, టైల్సు, ట్యాంకు. బ్లాకు మీద పోయింది అక్కడ వచ్చేస్తాది. నలభై తొమ్మిది పెడితే వాడు నా గేటులోకే రాడు కదా."

"మరి నాకు బ్లాకు ఒక్కటే."

"వహీ తో ప్రాబ్లం హై, భయ్యా" అన్నాడు సత్యారావు. చిక్కంతా అదేనన్నాడు గాని అందులో వెటకారం లేదు. డాక్టరు రోగం పేరు చెప్పినట్టు చెప్పాడు.

"ఎన్నాళ్ళు ఇలాగ?"

"ఒక ఏడాది, రెండేళ్ళు. మార్కెట్ సెట్ అయ్యేదాకా."

మార్కెట్ సెట్ అవడమంటే తన గేటు మూతపడడమని వీరన్నకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేకపోయింది. లెక్క తెలియనిది ఆ కుర్రాడికి కాదని కూడా అప్పుడే తెలిసింది. మర్యాదకి టీ తాగి లేచాడు. సత్యారావు గేటుదాకా వచ్చి సాగనంపాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు యార్డులో ఒక్క బ్లాకు కదల్లేదు.

పదోరోజు పొద్దున వీరన్న మిక్సరు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ పనిచేసేది ఎక్కా. రాంచీ వైపునుంచి వచ్చి వీరన్న దగ్గరే పదకొండేళ్ళుగా ఉన్నాడు. గమేళాతో రాతిపొడి కొలిచి పోస్తున్నాడు. మామూలు లెక్క పూర్తయి గమేళా పక్కన పెడుతుంటే వీరన్న, "ఇంకో తొమ్మిది ఎయ్యి" అన్నాడు.

ఎక్కా ఆగాడు. "సిమెంట్ కమ్ పడేగా, భయ్యా."

"సిమెంటు తగ్గుతాదని తెలుసు. ఎయ్యి. అడ్డుగోడలకీ ప్రహరీలకీ పోతాయి. బరువు మొయ్యవు గదా."

ఎక్కా పోశాడు. బస్తాకి నలభై బ్లాకులు దిగాయి. తడి మీద చూస్తే తేడా ఏమీ లేదు. అదే రంగు, అవే అంచులు. వీరన్న ఒకదాని మీద చెయ్యి వేసి తీసేశాడు. ఆ సరుకు పోసిన రెండురోజులూ ఎక్కా భోజనం వేళ తన దగ్గర కూర్చోలేదన్నది వీరన్న గమనించాడు, గమనించనట్టు ఉన్నాడు. పద్నాలుగు రోజులు తడపాల్సినవి ఆరు రోజులకే వరస పేర్చాడు. గేటు దగ్గర నలభై రెండు అని రాసిన అట్టముక్క కట్టాడు.

ఆ అట్టముక్క కట్టిన మర్నాడే కాసులమ్మ వచ్చింది.

కాసులమ్మ బడిలో పిల్లలకి వంట చేస్తుంది. పెద్ద భూకంపం వచ్చిన పొద్దున ఆమె అత్తగారు గోడ కింద పడి పోయింది. అప్పటినుంచీ కాసులమ్మ గోడ అన్నది కట్టుకోలేదు. చుట్టుపక్కల అందరూ సిమెంటు ఇళ్ళు లేపుతుంటే, రేకులూ చెక్కలూ వేసుకుని అందులోనే కూతురిని పెంచింది, పెళ్ళి చేసింది. మొగుడు పోయినా అందులోనే ఉంది. ఇప్పుడు చెక్కలు చెదలు తినేశాయి. కూతురు పురిటికి వస్తానంటోంది. ఒక్క గది కట్టుకుందామని ఇరవై ఏళ్ళ తర్వాత మనసు కుదిరింది.

"సత్యారావు కాడ నీకన్నా రూపాయి తక్కువేనట అన్నా" అంది. "అయినా నాకు నీ బ్లాకే కావాలి. రెండొందల ఇరవై అన్నాడు అప్పయ్య. ఉన్నాయా?"

వీరన్న వెనక్కి తిరిగి చూశాడు. అమ్మకం లేక కొన్నాళ్ళుగా పోయించడం తగ్గించాడు, పాత సరుకు వంద కూడా లేదు. పేర్చి ఉన్నదంతా కొత్తదే.

"దేనికీ?" అన్నాడు, తెలిసే.

"గదికి. సెప్పేను గదా."

రెండు వారాలు ఆగమంటే చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. రెండు వారాలు ఆగమంటే ఈలోగా అప్పయ్య ఆమెని అవతలి గేటుకి తీసుకుపోతాడు. పదిహేను రోజుల పైన అయ్యాక వచ్చిన ఒకే ఒక్క మనిషి. వీరన్న ఎక్కాని పిలిచి బండికి ఎత్తమన్నాడు. ఎక్కా ఎత్తాడు. బండి వెళ్ళిపోయాక చేతులు కడుక్కుని, ఆ పూట ఇంక పనుందా అని అడిగి, లేదనగానే వెళ్ళిపోయాడు.

మూడు వారాలు గడిచాయి. వీరన్నకి ఆకలి మందగించింది. పుష్పావతి అడిగితే ఎండ అన్నాడు. బస్తాకి మళ్ళీ ఇరవై ఎనిమిదే వెయ్యమని ఎక్కాతో ఆ బండి వెళ్ళిన మూడోరోజే చెప్పేశాడు. ఆ మిగిలిన కొత్త బ్లాకులు ఒక మూలకి నెట్టించి, ఎవరు అడిగినా అమ్మలేదు. అంతటితో సరిపోయిందని అనుకోవడానికి ప్రయత్నించాడు. బాంబూఫ్లాట్ బజారులో కాసులమ్మ ఎదురైతే ఇంకో సందులోకి తిరిగేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం మూడు గంటలప్పుడు భూమి కదిలింది. ఇక్కడివాళ్ళకి కొత్తేమీ కాదు. పది లెక్కపెట్టేలోపు ఆగిపోయింది. కొబ్బరి మట్ట ఒకటి రాలింది, పేర్చిన బ్లాకులు ఒకదానికొకటి తగిలి గలగల్లాడాయి, రోడ్డుమీద ఎవరో నవ్వారు. వీరన్న మాత్రం ఉన్నవాడు ఉన్నట్టే లేచి బండి తీశాడు. ఎక్కడికని పుష్పావతి వెనకనుంచి అడుగుతున్నా ఆగలేదు.

కాసులమ్మ ఇంటి ముందు బండి ఆపాడు. గోడ నిలబడే ఉంది. ఏడు వరసలు లేచింది. ఒక బీట కూడా లేదు. కాసులమ్మ ఇంకా కప్పు వెయ్యని గది మధ్యలో నిలబడి ఉంది.

"ఇదిగో, సూడన్నా" అంది. ఆమె మొహంలో అలాంటి వెలుగు వీరన్న ఎన్నడూ చూడలేదు. "కదిలినప్పుడు లోపలే ఉన్నాను. బయటికి పరిగెట్టలేదు. గోడమీద సెయ్యేసి నిలబడ్డాను. ఇరవై ఏళ్ళకి ఇదే మొదలు. నీ బ్లాకు కదల్లేదు."

వీరన్న అప్పుడే వెళ్ళిపోయి ఉండవచ్చు. గోడ తనకు తానుగా ఏమీ చెప్పదు. పైన రేకులే వేస్తుంది కనక ఇలాంటి చిన్నవి ఇంకో ఇరవై వచ్చినా నిలబడవచ్చు. అసలు పెద్దది మళ్ళీ రాకపోనూవచ్చు. దారి పొడుగునా అనుకున్నవన్నీ అవే. కాని ఆమె గోడమీద చెయ్యి వేసి నిలబడ్డాను అన్నాక, ఆ మాటల్లో ఒక్కటీ నిలవలేదు. చాలా అలసటగా అనిపించింది. ఈ బరువు ఇంటికి తిరిగి మోసుకెళ్ళే ఓపిక లేదనిపించింది.

"కాసులమ్మా, ఈ గోడ తీసెయ్యాలి" అన్నాడు.

"ఎందుకు? వంకరొచ్చిందా?"

"బ్లాకులు మంచివి కాదు."

"ఎవరన్నారు?"

"నానే అంటన్నాను. సిమెంటు తక్కువేసినాను."

బండి తాళంచెవి తీసి పక్కనున్న బ్లాకు అంచుని గీశాడు. పొడి జలజల రాలింది. రెండోసారి గీస్తే చిన్న పెచ్చు ఊడి ఆమె కాళ్ళ దగ్గర పడింది.

కాసులమ్మ ఆ పెచ్చుని చూసింది. "తెలీక సేసినావా?"

"తెలిసే."

"నేను గదికి అని సెప్పేను."

"సెప్పేవు."

ఆమె నెమ్మదిగా వచ్చి బయట రాయిమీద కూర్చుంది. తిడితే బాగుండునని వీరన్న చూశాడు. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి తొంగిచూశారు. చివరికి ఆమే మొదలుపెట్టింది, అతనివైపు చూడకుండా.

"మా అత్తమీద పడిన గోడ ఎత్తిన నలుగురిలో నువ్వూ ఉన్నావు."

"ఉన్నాను."

"మరి?"

రేటు సంగతి, సత్యారావు బోర్డు సంగతి, పదిహేను రోజుల పైన గేటులోకి ఎవరూ రాని సంగతి చెప్పవచ్చు. అవన్నీ నిజాలే. ఆ రాయి ముందు నిలబడి చెప్పడానికి పనికిరావు.

"రేపు పొద్దున్నే వచ్చి తీయిస్తాను. అప్పయ్య కూలీ నాదే. మంచి సరుకు పద్నాలుగు రోజుల్లో..."

"నీ బ్లాకులు ఒద్దు" అంది కాసులమ్మ. "సత్యారావు కాడివి తెచ్చి పెట్టు."

మర్నాడు వీరన్న, ఎక్కా, అప్పయ్య కలిసి గోడ విప్పారు. లేపడానికి వారం పట్టినది విప్పడానికి పూట పట్టింది. కొన్ని బ్లాకులు తాపీ మొన తగలగానే రెండుగా విడిపోయాయి. అప్పయ్య మొదట వీరన్నని చూసి, తర్వాత తన చేతులకేసి చూసుకున్నాడు. ఈ గోడ తన చేత్తో కట్టినవాడు కదా, చేతికి తెలియలేదా అన్న ప్రశ్న అప్పయ్యకీ తగిలినట్టుంది. దారినపోయేవాళ్ళు ఆగి ఏమైందని అడిగారు. వీరన్నే చెప్పాడు, అడిగిన ప్రతివాళ్ళకీ, అవే నాలుగు మాటలు. నలుగురికి చెప్పేసరికి అయిదోవాడికి ముందే తెలిసిపోయింది.

మధ్యాహ్నం సత్యారావు యార్డుకి వెళ్ళాడు. పేర్చిన వరసలోంచి ఒక బ్లాకు తీసి తాళంచెవితో గీశాడు. గీత పడింది గాని పొడి రాలలేదు. ఇంకోటి గీశాడు. అదీ అంతే. ఇన్నాళ్ళూ ఆ రేటుకి ఇచ్చేవాడు ఎక్కడో కక్కుర్తి పడే ఉంటాడని లోలోపల అనుకుంటూ వచ్చాడు. పడలేదు. పడింది తనే.

సత్యారావు ఆఫీసు గదిలోంచి వచ్చి నిలబడ్డాడు. "మీకు బ్లాకులా అన్నా?"

"రెండొందల ఇరవై. కాసులమ్మ ఇంటికి. నావి బాగోలేదు."

సత్యారావు బిల్లు పుస్తకం తీశాడు. బిల్లు తనే రాశాడు. రేటు తగ్గించలేదు, పెంచలేదు. బండి ఎక్కిస్తుంటే మాత్రం ఎండలో నిలబడి అంచులు విరిగినవి రెండు పక్కన పెట్టించి మంచివి వేయించాడు. వీరన్నకి అది కొట్టినట్టుగానూ ఉంది, ఆదరించినట్టుగానూ ఉంది.

ఆ రాత్రి కంచం ముందు కూర్చుని పుష్పావతికి అంతా చెప్పాడు. ఆమె విని, "నాతో ముందే అంటే ఏటయ్యీది?" అంది.

"ఒద్దనీదానివి."

"అంటే ఒద్దని నీకు తెలిసే ఉంది."

"ఊఁ."

ఆమె ఇంకో గరిటె చారు పోసింది. చాలా రోజులకి వీరన్న కంచం ఖాళీ చేశాడు.

బోర్డు మీద మళ్ళీ యాభై రెండు రాశాడు. ఆ రేటుకి గేటు ముందు బండ్లు ఆగవని తెలిసే రాశాడు. మూల నెట్టిన బ్లాకులన్నీ సుత్తితో పగలగొట్టించి, వానకి కొట్టుకుపోయిన దారి గోతుల్లో పోయించాడు. ఊళ్ళో రకరకాలుగా అనుకున్నారు. పక్కనున్న మితాఖారీ నుంచి ఒకాయన, నువ్వు గోడ విప్పావటగా అని, అందుకే నీ దగ్గర కొంటానని వంద తీసుకున్నాడు. ఇంకొకాయన అదే సంగతి ఎత్తి, కల్తీ చేసినవాడివి ఈ రేటు ఎలా చెప్తావని బేరం ఆడి, చివరికి కొనకుండానే పోయాడు. ఇద్దరిదీ న్యాయమే అనిపించింది వీరన్నకి.

ఎక్కాని తనే సత్యారావు దగ్గరికి పంపాడు. "అక్కడ రోజూ పనుంటాది. నాకాడ వారానికి మూడ్రోజులే" అన్నాడు. ఎక్కా వెంటనే ఒప్పుకోలేదు. రెండువారాలు ఊరికే వచ్చి నిలబడ్డాడు. తర్వాత వెళ్ళాడు. ఇప్పుడు వీరన్నే గమేళా ఎత్తుతున్నాడు, పుష్పావతి సాయంత్రాలు పైపు పట్టుకుని బ్లాకులు తడుపుతోంది. నడుం నొప్పి తండ్రిది తనకీ వచ్చిందంటాడు.

వానలు తగ్గాక ఒక పొద్దున చాతం వెళ్ళే ఫెర్రీలో కాసులమ్మ కనబడింది. చోటు లేక ఆమె వచ్చి అతని పక్కనే కూర్చోవలసి వచ్చింది. సంచిలో పసిబిడ్డ గుడ్డలు ఉన్నాయి. డెలానీపూర్‌లో కూతురి అత్తవారింటికి కాబోలు. ఫెర్రీ సగం దూరం పోయేదాకా ఇద్దరూ నీళ్ళవైపే చూశారు.

"మనవడా?" అన్నాడు వీరన్న.

"మనవరాలు."

గుడ్డలు సంచి లోపలికి సర్దింది. ఆ తర్వాత ఆమె, "ఇంక నీ కాడ ఏదీ కొనను" అంది. కోపంగా అనలేదు. "నువ్వు సెడ్డోడివని కాదు. కొనలేను, అంతే."

"తెలుసమ్మా."

"రేటు ఎంత తక్కువైనా."

"ఊఁ."

జెట్టీ దగ్గరపడుతుంటే జనం లేచి నిలబడ్డారు. వీరన్న అడగకూడదనుకుంటూనే అడిగాడు. "గదిలో పడుకుంటన్నావా?"

"పడుకుంటన్నాను" అంది కాసులమ్మ, సంచి భుజానికెత్తుకుంటూ. "తలుపు కాడ."

తాళ్ళు కట్టారు, పలక దించారు. ఆమె ముందు దిగి జనంలో నడిచిపోయింది. వీరన్న అందరూ దిగేదాకా ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, సిమెంటు ఓడ వచ్చిందో లేదో కనుక్కోడానికి బయల్దేరాడు.